అతుకు కింది నేల

"అమ్మా, గిన్నెలు కాస్త మెల్లగా కడుగు. ఆమె చూస్తోంది."

మా అబ్బాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఈ మాట అన్నప్పుడు నా చేతిలో మాడిన మూకుడు ఉంది. మాడిన మూకుడిని మెల్లగా తోమడం తెలిసిన మనిషి ఈ లోకంలో ఉంటే నాకు చూపించమనండి. పీచు పక్కన పడేసి, నీళ్ళు సన్నధారగా వదిలి, వేలితో రుద్దాను. వాడు తృప్తిగా తలూపాడు. పొయ్యి మీద మరుగుతున్న టీ రెండు కప్పుల్లో పోసి, ఒకటి తను తాగుతూ రెండోది హాల్లోకి పట్టుకెళ్ళాడు. నాకు గిన్నెలో మిగిల్చాడు. మిగల్చలేదని అనను. మిగిల్చాడు.

ఆమె అంటే నా కోడలు. చూడడం అంటే గోడకేసి చూడడం. హాలు గోడ మొదలుకుని నడవా చివరి దాకా, మనిషి కళ్ళ ఎత్తున, దాదాపు ఎనిమిది గజాల పొడవున ఒకే కాగితం అంటించి ఉంది. దాని మీద చీమలు బారు కట్టినట్టు నల్లటి చుక్కలు ఒక గీతలా పోతూ ఉంటాయి. కోడలు పెన్సిలు పట్టుకుని ఆ గీత వెంట అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. ఒక్కోచోట స్టూలు లాక్కుని గంటసేపు కూర్చుంటుంది. నేను పెళ్ళై వెళ్ళిన ఇంట్లో ఆడది గోడకేసి చూస్తూ పావుగంట కూర్చుంటే దెయ్యం పట్టిందనేవారు. ఇక్కడ అది ఉద్యోగం.

ఆమె పని చేసేది నక్షత్రాల పరిశోధన కేంద్రంలో. వచ్చిన కొత్తలో నాకు ఇలా చెప్పింది. దూరంగా ఒక వీధి దీపం ఉంది, దాని ముందు నుంచి ఒక దోమ ఎగిరి వెళ్ళింది. దోమ మనకు కనిపించదు. కాని అది అడ్డం వచ్చినంతసేపూ దీపం వెలుగు పిసరంత తగ్గుతుంది. ఆ తగ్గుదలని కొలవగలిగితే దోమ ఉందనీ, అది ఎంతదనీ చెప్పొచ్చు. దీపం నక్షత్రం. దోమ దాని చుట్టూ తిరిగే మరో భూమి. ఈ నక్షత్రాన్ని ఆకాశంలో తిరిగే టెలిస్కోపు ఒకటి రెండేళ్ళపాటు రెప్ప వేయకుండా చూసింది. ఆ రెండేళ్ళలో ఒక్కసారి, పదమూడు గంటలసేపు, వెలుగు పదివేలలో ఒక వంతు తగ్గి మళ్ళీ మామూలైంది. దాన్ని పట్టుకున్నది మా కోడలే. కాగితం మీద అది బియ్యపు గింజంత పల్లం. నక్షత్రం మీద మచ్చల వల్ల వచ్చే పల్లమైతే వాలుగా దిగి వాలుగా ఎక్కుతుందట. ఇది తొట్టిలా దిగి, అడుగున చదునుగా నడిచి, మళ్ళీ నిటారుగా ఎక్కింది. కనుక గుండ్రటిదేదో అడ్డం వచ్చింది. దాని సైజు మన భూమి కంటే కొంచెం ఎక్కువ. అది తగినంత దూరంలో తిరుగుతూ ఉంటే అక్కడ నీళ్ళు మరిగిపోవు, గడ్డకట్టవు. నేల ఉండొచ్చు. గాలి ఉండొచ్చు. ఏమీ లేకపోనూ వచ్చు.

ఒక్కసారి కనిపిస్తే మాత్రం లెక్కలోకి రాదు. రెండోసారి కనిపించాలి. అప్పుడు ఆ రెండిటికీ మధ్య ఎన్ని రోజులో అదే అక్కడి సంవత్సరం. మూడోసారి ఏ రోజున వస్తుందో ముందే చెప్పొచ్చు, ఆ రోజుకి నేల మీది పెద్ద టెలిస్కోపుని అటు తిప్పమని దరఖాస్తు పెట్టొచ్చు. దరఖాస్తుకి గడువు సోమవారం సాయంత్రం. అది దాటితే ఈ నక్షత్రాన్ని పక్కన పెట్టి ఇంకో పని చూసుకోమన్నారు కేంద్రంలో పెద్దలు. ఆమె పక్క కుర్చీలో కూర్చునే పెద్దమనిషైతే అది భూమీ కాదు బూడిదా కాదు, యంత్రానికి వచ్చిన ఎక్కిలి అని తేల్చేశాడట.

కంప్యూటరు వెతికింది, దొరకలేదు. ప్రతి నెలా మొదట్లోనూ చివర్లోనూ లెక్కలు గజిబిజిగా ఉంటాయని కంప్యూటరు వాటిని కత్తిరించి పారేస్తుందట. అందుకని ఏదీ కత్తిరించకుండా నెలకో కాగితం చొప్పున ఇరవై నాలుగు కాగితాలు అచ్చు వేయించి తెచ్చింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గీతే. "మీ చేతి పని శుభ్రంగా ఉంటుంది అత్తయ్యా, వీటిని వరసగా అతికించి పెడతారా? అంచుకి అంచు ఆనించి, వెనకవైపు ఓ ముక్క వేస్తే చాలు" అంది. అతికించాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. గోడకెక్కించాక ఆమె వేలితో తడిమి చూసి, అతుకు ఎక్కడుందో తెలియడం లేదని మురిసిపోయింది. మా అబ్బాయి కాగితాన్ని చూడలేదు. ఆమె మురిసిపోవడం చూసి తనూ మురిసిపోయాడు.

దాచుకోవడం దేనికి, నాకు ఆమెని చూస్తే కుళ్ళు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ లెక్కన మూడేళ్ళ కిందటి వరకు నేనూ గుణవంతురాలినే. ఆమె మంచిది. నన్ను ఒక్క మాట అనదు. నాకు జ్వరం వస్తే సెలవు పెడుతుంది. ఆ మంచితనం వల్ల కుళ్ళు తగ్గిందా అంటే, లేదు, దానికి ఆడిపోసుకోవడానికి వంక దొరక్క లోపలే ఉండి పుండైంది. ఆమె బట్టలు చూసి కాదు, చదువు చూసి కూడా కాదు. కప్పు చూసి. ఎవరో కాచి, ఎవరో తెచ్చి, చేతికందేలా పెట్టిన కప్పు. దాన్ని ఆమె చూడకుండానే అందుకుంటుంది, సగం తాగి ఎక్కడో పెట్టి మర్చిపోతుంది. మర్చిపోవడం. అదీ నేను ఓర్వలేకపోయింది. నా జన్మలో నేను కప్పు ఎక్కడ పెట్టానో మర్చిపోలేదు, ఎందుకంటే కడగాల్సింది నేనే.

మా ఆయన దర్జీ. ఊరంతా మాస్టారు అనేవారు. ముందు గదిలో ఆయనా కత్తెరా, వెనక గదిలో నేనూ సూదీ. ముప్పై ఒక్క ఏళ్ళు కాజాలు కుట్టాను, గుండీలు వేశాను, అంచులు మడిచాను. మధ్యలో లేచి వంట చేశాను, మళ్ళీ కూర్చున్నాను. ఒకసారి ఎవరిదో కోటు తయారై కొక్కేనికి వేలాడుతుంటే ఎడమ చెయ్యి వెంట్రుకవాసి వెనక్కి తిరిగి ఉన్నట్టు నాకు అనిపించింది. టేపు పెట్టి కొలిస్తే తేడా తేలలేదు. అయినా నేను పట్టుబట్టి విప్పి కుట్టించాను. కోటాయన అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, ఏం పనితనం మాస్టారూ అన్నాడు. మా ఆయన కత్తెర కింద పెట్టకుండా, "నా కన్ను పడకుండా ఈ కొట్లోంచి ఏదీ బయటికి పోదండీ" అన్నాడు. వెనక గదిలో ఆ కన్ను సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే టీచరమ్మ ఒకావిడ నాకు అక్షరాలు నేర్పుతానని తనంతట తానే అడిగింది. వారానికి రెండు సాయంత్రాలు, అరగంట చాలంది. ఆయన కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడేవాడు కాదు, అదే పెద్ద చిక్కు. నవ్వి, "కొలతలు నేను రాస్తాను, నువ్వు కుట్టు. ఇద్దరం రాస్తూ కూర్చుంటే కుట్టేదెవరు?" అన్నాడు. మా అత్తగారు పక్కనుంచి, అక్షరాలు లేకపోతేనేం, నోరుందిగా అంది. ఇద్దరూ పోయాక, యాభై ఎనిమిదో ఏట, మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి నడిపే బడికి వెళ్ళి నేర్చుకున్నాను. ఇప్పుడు పేపరు చదువుతాను, మందు సీసా మీది మాట చదువుతాను. చెయ్యి కుదరడానికి రోజూ ఒక పేజీ రాస్తాను.

కోడలి మీదే కాదు, ఆ దూరపు భూమి మీద కూడా నాకు కుళ్ళే. నవ్వుకుంటే నవ్వుకోండి. ఎక్కడో అంత దూరాన కంటికి కనపడని ముద్ద ఒకటి ఉందో లేదోనని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టి తిరిగారు. అక్కడ నీళ్ళున్నాయేమోనని ఆమెకి బెంగ. ఇక్కడ పొద్దున్నే లేచి మోటారు వేసి ట్యాంకు నింపేది నేను, ఆ నీళ్ళ గురించి ఎవరికీ బెంగ లేదు. మా ఇంట్లో నేను ఉన్నట్టు తెలిసేది నేను జ్వరంతో పడుకున్న రోజున. ఆ రోజు అన్నం లేటయ్యేది, కాజాలు మిగిలిపోయేవి, అప్పుడు అందరూ వెనక గదికేసి చూసేవారు. దోమ అడ్డం వచ్చి దీపం తగ్గితే అది లోకానికి వార్త. నేను అడ్డం పడితే మా అత్తగారు, "దీనికి ఇవాళే రావాలా జ్వరం" అనేది.

కాగితం గోడకెక్కిన పన్నెండో రోజు, మంగళవారం మధ్యాహ్నం, రాసుకోవడానికి నా కట్టలోంచి ఒక చిత్తు కాగితం తీశాను. కోడలు పాడైన అచ్చు కాగితాలు నాకిస్తుంది, వెనకవైపు తెల్లగా ఉంటాయని. యంత్రం ఎక్కడో ఇరుక్కుని పద్దెనిమిదో కాగితం రెండుసార్లు వచ్చిందట, అందులో రెండోది అది. సగం పేజీ రాసి, సిరా ఆరిందా అని తిప్పి చూశాను. గీత కుడి అంచుకి వస్తూ వస్తూ, అంచుకి పావంగుళం దూరంలో, తొట్టిలా దిగింది. అడుగున చదునుగా నడిచింది. ఎక్కింది. బియ్యపు గింజంత.

కాగితం పట్టుకుని నడవాలోకి వెళ్ళాను. కోడలు అప్పుడు కేంద్రానికి వెళ్ళి ఉంది. గోడ మీద పద్దెనిమిదో కాగితం కుడి అంచు చూశాను. అక్కడ తొట్టి లేదు. గీత సాఫీగా పోయి పంతొమ్మిదో కాగితంలో కలిసింది. చేతిలో కాగితాన్ని దాని కిందే ఆనించి చూశాను. నా చేతిలోది అరంగుళం ఎక్కువ పొడుగుంది.

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. అంచుకి అంచు ఆనించమని ఆమె చెప్పింది. నా చెవి విన్నది, నా చెయ్యి వినలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ చెయ్యి అది. రెండు ముక్కలు కలపాలంటే కుట్టుకి అరంగుళం వదలాలి, లేకపోతే పీలికలైపోతుంది. నేను ఒక కాగితం అంచు మీదికి రెండో కాగితం అంచుని అరంగుళం ఎక్కించి అతికించాను. ఇరవై మూడు అతుకులూ అలాగే. ప్రతి అతుకు కిందా ఆమె నక్షత్రం రోజున్నర చొప్పున మూసుకుపోయింది. కంప్యూటరు కత్తిరించిందని ఆమె ఏ చివరల్ని వెతకడానికి అచ్చు వేయించుకొచ్చిందో, వాటినే నేను జిగురు పెట్టి కప్పేశాను. అతుకు కనిపించడం లేదని ఆమె మురిసింది కూడా.

సాయంత్రం రాగానే చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆమె వచ్చి చెప్పులు విడిచి సరాసరి గోడ దగ్గరికి వెళ్ళింది. నేను గొంతు సవరించుకున్నాను. మా అబ్బాయి వంటింట్లోంచి వేలు పెదవి మీద పెట్టుకుని నాకు సైగ చేశాడు. ఆ వేలు చూశాక నా నోరు మూతపడింది. ఆ పూటకే అనుకున్నాను. బుధవారం కూడా మూసే ఉంచాను. గురువారానికి అలవాటైపోయింది.

అలవాటు కాదు, అబద్ధం ఎందుకు, రుచి. ఆ నేల ఉందని లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఆమెకి తెలియదు, కేంద్రంలో పెద్దలకి తెలియదు, పక్క కుర్చీ ఆయనకి తెలియదు. మొదటి పల్లం ఐదో కాగితంలో ఉంది. రెండోది పద్దెనిమిదిలో. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను: నాలుగు వందల పదకొండు రోజులు. అక్కడి సంవత్సరం మనకంటే నెలన్నర పొడుగు. ఆ నెలన్నరలో అక్కడి ఆడవాళ్ళు ఏం చేస్తారో అనుకున్నాను. కూరగాయలు తరుగుతూ అనుకున్నాను, బట్టలు ఆరేస్తూ అనుకున్నాను. కాజాలో గుండీ పెట్టుకున్నట్టు ఆ నేలని లోపల పెట్టుకుని తిరిగాను. ఆమె స్టూలు మీద కూర్చుని కళ్ళు నులుముకుంటూ ఉంటే, నడవాలో ఆమె పక్కనుంచే పోతూ, సరిగ్గా పద్దెనిమిది దగ్గర నా భుజం గోడకి రాసుకునేలా నడిచాను. ఆమె తలెత్తి నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు మా అత్తగారిదని నాకు తెలుసు.

శుక్రవారానికి ఆమె మొహం వాడిపోయింది. శనివారం మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఆ వారంలో ఒకటి గమనించాను. బుధవారం దాకా కప్పు గోడ దగ్గరికి వెళ్ళేది. గురువారం మా అబ్బాయి దాన్ని బల్ల మీద పెట్టి, టీ అక్కడుంది అన్నాడు. శుక్రవారం, టీ కాచాను కావాలంటే పోసుకో అన్నాడు. శనివారం కాచలేదు. మా అబ్బాయి బడిలో లెక్కలు చెప్తాడు, నెమ్మదస్తుడు. భార్య పని చేస్తుంటే వంట చేస్తాడని వీధిలో అందరూ వాణ్ణి మెచ్చుకుంటారు, నన్ను పెంపకానికి మెచ్చుకుంటారు. ఆ రోజు వాడు కంచంలో చెయ్యి పెట్టి, కోపం లేకుండా, ఎంతో ప్రేమగా నవ్వుతూ ఆమెతో అన్నాడు.

"అక్కడ నేల ఉందో లేదో గాని, ఇక్కడ సింకులో గిన్నెలున్నాయి. అవైతే రెండోసారీ కనిపిస్తాయి, మూడోసారీ కనిపిస్తాయి."

మంచి జోకే. నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. ఆమె కూడా నవ్వి, తినడం సగంలో ఆపి, లేచి వెళ్ళి గిన్నెలు కడిగింది. మెల్లగా కడగలేదు. మెల్లగా కడగమని ఆమెకెవరూ చెప్పలేదు. ఆమె అటు వెళ్ళగానే వాడు నా వైపు వంగి, "పోనీలే అమ్మా, ఇది తేలిపోతే ఇక మామూలుగా ఉంటుంది. నేను మాత్రం ఎన్నాళ్ళని చేస్తాను" అన్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు. కోపం లేని గొంతు. ఇద్దరం రాస్తూ కూర్చుంటే కుట్టేదెవరు అన్న గొంతు. నేను చేత్తో అన్నం పెట్టి పెంచినవాడిలో అది ఎప్పుడు చేరిందో, నా ఎదుటే చేరి ఉంటుంది, నేను వెనక గదిలో ఉండి ఉంటాను. ఇన్నాళ్ళూ ఏ కప్పుని చూసి నేను కడుపు మండించుకున్నానో అది ఆమెది కానే కాదు. వాడు ఇచ్చినన్నాళ్ళు ఇచ్చాడు, ఆమె గెలుస్తుందనుకున్నన్నాళ్ళు. నక్షత్రం పోతే కప్పూ పోతుంది. కప్పే కాదు, స్టూలు పోతుంది, గోడ పోతుంది. ఆమె దగ్గర ఉందనుకుని నేను ఏడ్చినదేదీ ఆమె దగ్గర లేదు. అది తెలిసి నాకు జాలి కలగాలి. ముందు కలిగింది మాత్రం మోసపోయానన్న మంట. ఇంత అసూయా దండగైపోయింది.

ఆదివారం పొద్దున్న ఆమె పళ్ళెంలో నీళ్ళూ గుడ్డా పెట్టుకుని ఇరవై నాలుగో కాగితం ఊడదీయడం మొదలుపెట్టింది. నన్ను చూసి, "మీ చేతి పని పాడు చేయడానికి మనసొప్పడం లేదు అత్తయ్యా. అనవసరంగా మిమ్మల్ని శ్రమ పెట్టాను" అంది.

నేను లోపలికి వెళ్ళి నా కుట్టుపెట్టెలోంచి లావుపాటి సూది తెచ్చాను. ఆమె చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని పద్దెనిమిదీ పంతొమ్మిదీ కలిసే చోట అద్దాను. జిగురు నానే వరకూ అలాగే అదిమి పట్టాను. తర్వాత సూది మొన పంతొమ్మిదో కాగితం అంచు కిందికి పోనిచ్చి, పాత కుట్లు విప్పినట్టు, పై నుంచి కింది దాకా లేపాను. ఒక్క చిరుగు పడలేదు. అంచు వెనక్కి మడిచి పట్టుకుని, చూడు అన్నాను.

ఆమె చూసింది. చాలాసేపు చూసింది. పల్లం అడుగున చదును వెంట గోరు నడిపింది.

"అంచుకి అంచు అన్నావు. నేను అరంగుళం ఎక్కించాను. ఇరవై మూడూ అంతే" అన్నాను.

ఆమె కళ్ళు ఇంకా కాగితం మీదే ఉన్నాయి. మా అబ్బాయి వచ్చాడు, విషయం అర్థం కావడానికి వాడికి రెండు నిమిషాలు పట్టింది. అర్థం కాగానే, "నేను చెప్పలేదూ దొరుకుతుందని" అన్నాడు ఆమెతో. తర్వాత నన్ను వెనకేసుకొచ్చాడు. "అమ్మకి వయసైపోయింది, కళ్ళు ఆనవు. పాపం తనకేం తెలుసు."

"నా కళ్ళు బాగానే ఆనుతాయి. మంగళవారమే చూశాను. చెప్పలేదు" అన్నాను.

ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది. కోపం కాదు. కోపమైతే నాకు తేలిగ్గా ఉండేది.

"ఇవాళ ఆదివారం" అంది.

"అవును."

మిగతా అతుకులన్నీ విప్పాలి, ఏ చివర ఏముందో చూడాలి. తడిగుడ్డ నేను పట్టుకున్నాను, సూది ఆమె తీసుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఇరవై నాలుగు నుంచి ఒకటి దాకా వెనక్కి నడుస్తూ విప్పాం. ఇంకెక్కడా ఏమీ లేదు. అంటే ఆ రెండే. ఆమె గదిలోకి వెళ్ళి తలుపేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంది, సోమవారం మధ్యాహ్నానికి దరఖాస్తు వెళ్ళిపోయింది. మా అబ్బాయి టీ కాచి గది దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆమె తలుపు తీయలేదు. వాడు ఆ కప్పు పట్టుకుని ఏం చేయాలో తెలియక కాసేపు నడవాలో నిలబడి, చివరికి నాకిచ్చాడు. చల్లారిపోయింది. తాగాను.

రెండు రోజులు ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అత్తయ్యా అనడం మానలేదు, కాని ఆ మాట చివర ఉండే సాగదీత లేదు. నాకు ఆ సాగదీత మీద ఇంత ఇష్టం ఉందని అది పోయాకే తెలిసింది. బుధవారం నేను వంటింట్లో బల్ల ముందు కూర్చుని ముక్కలు తరుగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. చంకలో కొత్త కాగితాల చుట్ట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు దాని మీద పెట్టుకుని, "ఎందుకు చెప్పలేదో చెప్పండి. తిట్టడానికి అడగడం లేదు. నాకు తెలియాలి" అంది.

మంచిమాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. లేదు.

"నువ్వు గోడకేసి చూస్తూ కూర్చుంటే ఓర్వలేకపోయాను. నీ కోసం ఇంట్లో చప్పుడు ఆగిపోతుంటే ఓర్వలేకపోయాను. ఇప్పుడు మాత్రం పోయిందనుకోకు. ఉంది."

ఆమె తల దించుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పెదవి చివర వంకర తిరిగింది, నవ్వే.

"నాకూ ఉంది" అంది.

"నా మీదా?"

"మీ అబ్బాయి మీద. ఆయన వారానికి నాలుగు రోజులు కూర చేస్తే వీధి వీధంతా మెచ్చుకుంటుంది. మిగతా మూడు రోజులూ నేను చేస్తాను, మీరు ఏడు రోజులూ చేస్తారు, మనల్ని ఎవరైనా మెచ్చుకున్నారా? నేను భూమిని కనిపెడితే, నీ భర్త ఎంత సహకరించాడమ్మా అని ఆయన్ని మెచ్చుకున్నారు కేంద్రంలో. నిన్ననే."

నాకు నవ్వు ఆగలేదు. కత్తి కింద పెట్టి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఇద్దరం ఒకరి కోసం ఒకరం నవ్వడం లేదు, ఎవరి మంట వాళ్ళం చల్లార్చుకుంటున్నాం. అయినా ఒకే బల్ల దగ్గర. నవ్వు అయ్యాక ఆమె మళ్ళీ మామూలుగా అయిపోయి, నన్ను క్షమించానని గాని, లేదని గాని అనకుండా, కొత్త చుట్ట విప్పింది. ఇది వేరే నక్షత్రమట. నాలుగేళ్ళ లెక్కలు, నలభై ఎనిమిది కాగితాలు. వాటి పక్కన జిగురు సీసా పెట్టి, నా వైపు జరిపి, "ఈసారి అంచుకి అంచే, అత్తయ్యా" అంది. సాగదీత కొద్దిగా తిరిగొచ్చింది.

చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వచ్చి కాగితాలు అందుకున్నాను. మొదటి కాగితం తీసి వెలుతురుకి పట్టుకున్నాను. గీత నిండా గజిబిజి. మూడో రోజు దగ్గర ఒక చిన్న వాలు, మచ్చ అయి ఉంటుంది. ఏడో రోజు దగ్గర చుక్కలు కొంచెం గుమిగూడాయి, అది ఏమిటో తెలియలేదు. తెలుసుకోవాలనిపించింది. ఆమె నేను జిగురు మూత తీయడం కోసం చూస్తోంది. హాల్లో మా అబ్బాయి పేపరు చదువుకుంటున్నాడు, పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. నేను జిగురు సీసా వెనక్కి, ఆమె వైపు జరిపాను.

"అతికించడానికి మీ ఆయన్ని పిలువు" అన్నాను. "నాకు చూడడానికి ఇవ్వు."